ముట్లుడిగినా ముప్పు ఉంది

నూజివీడు: మామిడి పూత సమయంలో కనిపించిన ఎరుపు గురించి ఆమె కోతలు అయిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. చివరి పెద్దరసాలు లారీకెక్కి, తోట కౌలుదారు కూలి లెక్క తేల్చి డబ్బు చేతిలో పెట్టిన మర్నాడు గాని ఆసుపత్రి గడప తొక్కలేదు. లెక్క వేస్తే ఐదు నెలలు.

ఆమె వయసు 59. ఊరు నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి. పేరు బయటపెట్టవద్దని కోరింది. భర్త చనిపోయి 11 ఏళ్లయింది. ముట్లుడిగి తొమ్మిదేళ్లు. పెళ్లయి వచ్చింది మొదలు తోట పనే జీవనాధారం. చెట్ల పాదుల్లో కలుపు తీయడం, కోతలప్పుడు మగవాళ్లు చిక్కంతో దించిన కాయను సొన అంటకుండా అందుకోవడం, మచ్చ కాయను వేరు చేసి మంచి కాయను ట్రేలలో సర్దడం, సాయంత్రం ఇంటికి వచ్చి వంట. ఈ పనుల మధ్య చీరకు అంటిన రెండు చుక్కల ఎరుపును ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

"మళ్లీ ముట్టు వచ్చిందేమో అనుకున్నాను. మా అమ్మమ్మకు అరవయ్యేళ్లప్పుడు ఇలాగే కనిపిస్తే, వంట్లో ఇంకా సత్తువ ఉందని అందరూ అన్నారట" అని ఆమె చెప్పింది. ఆ అమ్మమ్మ ఆ తర్వాత ఎన్నాళ్లు బతికిందని అడిగితే, ఏడాది తిరక్కుండానే పోయిందని, ఏం జబ్బో ఎవరికీ తెలియదని అంది.

ముట్లుడిగిన తర్వాత ముట్టు తిరిగి రాదు. వరుసగా 12 నెలలు నెలసరి ఆగిపోతే ముట్లుడిగినట్టు లెక్క. ఆ తర్వాత ఎప్పుడు ఎరుపు కనిపించినా, అది ఒక్క చుక్కయినా, దానికి వేరే కారణం ఉంటుంది. చాలాసార్లు అది చిన్న కారణమే. ఆడవారి శరీరంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోవడం వల్ల లోపలి పొర పలచబడి, పొడిబారి, కొద్ది రాపిడికే రక్తం చిందుతుంది. లోపల చిన్న కండ పెరిగినా కనిపిస్తుంది. కాని ఇలా ఎరుపు కనిపించిన పదిమందిలో సుమారు ఒకరికి గర్భసంచి లోపలి పొరలో కేన్సర్ బయటపడుతోంది. గర్భసంచి మూతి దగ్గర వచ్చే కేన్సర్‌కూ ఇది ఒక గుర్తు. ఏది చిన్నదో ఏది పెద్దదో చూస్తేగాని తెలియదు. తోట కౌలు లెక్క రూపాయితో సహా నోటికి చెప్పగల ఇళ్లలో, ఇంటి పెద్ద ఆడమనిషికి ఎరుపు ఎప్పటి నుంచి కనిపిస్తోందో తెలిసినవారు ఒక్కరూ ఉండకపోవడం విచారకరం.

ఊరి ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి పరీక్షలకు పేర్లు రాసుకుంటున్నప్పుడు కూడా ఆమె మొదట వద్దంది. "నాకెందుకమ్మాయ్, నాకవన్నీ అయిపోయి పదేళ్లు కావస్తోంది. పిల్లలు కనే వాళ్లకు చేయించు" అంది. "అయిపోయినవాళ్లకే మరీ కావాలి పెద్దమ్మా" అని ఆశా కార్యకర్త పట్టుబట్టింది. ఆ పట్టుదల వల్లనే ఎరుపు సంగతి బయటికొచ్చింది. నూజివీడు ఏరియా ఆసుపత్రిలో లేడీ డాక్టరు చూసి, విజయవాడ పెద్దాసుపత్రికి చీటీ రాశారు.

కోడలు కంచం మార్చింది

అసలు గొడవ పరీక్ష ఫలితం వచ్చాక మొదలైంది. కాగితం మీద హెచ్‌పీవీ ఉన్నట్టు రాసి ఉంది. కొడుకు ఆ కాగితం తీసుకుపోయి ఊళ్లో సూది మందు వేసే ఆర్‌ఎంపీకి చూపించాడు. ఆయన సగం చెప్పాడు. అది ఆడ మగ కలయిక వల్ల అంటుకునే వైరస్ అన్నాడు. ఆ మాట నిజమే. మిగిలిన సగం చెప్పలేదు.

పదకొండేళ్లుగా ఒంటరిగా ఉంటున్న తల్లికి ఈ రోగం ఎక్కడిదని కొడుకు నోరు తెరిచి అడగలేదు. అడిగినా బాగుండేది. మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు. కోడలు ఆమె కంచం, గ్లాసు విడిగా పెట్టింది. మనవరాలిని ఆమె పక్కలో పడుకోనివ్వలేదు. "చచ్చిపోతానన్న భయం కంటే అదే ఎక్కువ కోసింది" అంది ఆమె. నాలుగో రోజు తోటికోడలు వచ్చి, ఇద్దరూ కలిసి మళ్లీ బస్సెక్కి డాక్టరు దగ్గరికే వెళ్లి అడిగారు. మంచి పని చేశారు.

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతుల మీద, కాళ్ల మీద పులిపిరికాయలు లేపేవీ ఈ జాతివే. వీటిలో పన్నెండు, పద్నాలుగు రకాలు మాత్రం గర్భసంచి మూతి దగ్గర చేరి ఎక్కువ కాలం తిష్ఠ వేస్తే కేన్సర్‌కు దారి తీస్తాయి. 16, 18 నంబరు రకాలు రెండూ కలిసి నూటికి డెబ్బయి కేన్సర్లకు కారణం. ఈ సంగతి కనిపెట్టింది జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్. ఆయన బృందం 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని కేన్సర్ కణితుల్లో గుర్తించింది. అందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందు తరాల ఆడవాళ్లు ఏ పాపమో, ఏ శాపమో అనుకుంటూ పోయారు.

ఈ వైరస్ కంచం వల్ల, నీళ్ల వల్ల, ఒకే పక్క మీద పడుకోవడం వల్ల అంటుకోదు. కాపురం చేసే ఆడ మగ వారిలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఒక్క భర్తతో కాపురం చేసిన ఇల్లాలికీ సోకుతుంది. ఏ నొప్పీ ఉండదు, జ్వరం రాదు, వచ్చినట్టు తెలియదు. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు శరీరమే దాన్ని అణిచివేస్తుంది. ఇది మామూలు విషయం కనుక దీన్ని బట్టి ఎవరి నడతనూ తూచడానికి వీల్లేదని డాక్టరు ఆ ఇద్దరికీ విడమరచి చెప్పారు.

టెంకలో పురుగు

మరి పదకొండేళ్ల తర్వాత ఎలా కనిపించింది? ఇది నూజివీడు ప్రాంతం వారికి చెప్పడం సులువు. పైన ఒక్క మచ్చ లేని బంగినపల్లి కాయను కోస్తే లోపల టెంకలో నల్లటి పురుగు కనిపించడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఆ పురుగు కాయ మాగాక దూరింది కాదు. పిందె గోళీకాయంత ఉన్నప్పుడే తల్లి పురుగు దాని తోలు మీద గుడ్డు పెట్టింది. పిందె పెరిగేకొద్దీ ఆ గాటు మాసిపోయింది. పురుగు లోపలే ఉండిపోయింది. కాయ కోసిన రోజున, ఈ పురుగు నిన్న రాత్రి ఎక్కడి నుంచి వచ్చిందని తోట కాపలావాణ్ణి నిలదీసేవారు ఉండరు.

హెచ్‌పీవీ కూడా అలా ఉండిపోగలదు. శరీరం దాన్ని అణిచివేసినా కొందరిలో అది పూర్తిగా పోదు. పొర అడుగున కొద్ది కణాల్లో, పరీక్షకు కూడా దొరకనంత తక్కువగా, ఏళ్ల తరబడి నిద్రాణంగా పడి ఉంటుంది. ముట్లుడిగే వయసులో హార్మోన్లు మారతాయి, రోగాన్ని అడ్డుకునే శక్తి మెల్లగా తగ్గుతుంది. అప్పుడు పాతది తిరిగి తల ఎత్తవచ్చు. పరీక్షలు చేసిన అనేక దేశాల్లో ఈ వైరస్ చిన్న వయసు ఆడవారిలో ఎక్కువగా కనిపించి, నడివయసులో తగ్గి, మళ్లీ 45, 50 ఏళ్లు దాటాక కొంత పెరగడం శాస్త్రజ్ఞులు గమనించారు. పాత వైరస్ మేలుకోవడం దానికి ఒక కారణమని చెబుతున్నారు.

యాభై దాటాక కొత్తగా సోకడం కూడా ఉంటుంది. భర్త ద్వారా రావచ్చు, రెండో పెళ్లి చేసుకున్నవారికి రావచ్చు. ఈ మాట దాచనక్కర్లేదు. కాని ఒక మనిషిలో కనిపించిన వైరస్ ఎవరి నుంచి, ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పగల పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆమె భర్త బతికి ఉన్న రోజుల్లో, కొడుకు పుట్టక ముందే వచ్చి ఉండవచ్చు. కనుక కొడుకుకు గాని కోడలికి గాని విచారణ చేయడానికి అక్కడ ఏమీ లేదు.

వైరస్ ఉందంటే కేన్సర్ ఉందని కూడా అర్థం కాదు. వైరస్ చేరిన నాటి నుంచి కేన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ వంటి వాటితో రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవారిలో అది 5 నుంచి 10 ఏళ్లకే జరగవచ్చు. చుట్ట, బీడీ తాగే అలవాటు ఉంటే వైరస్ పోవడం ఆలస్యమవుతుంది. ఈ లోగా మూతి దగ్గరి కణాలు మెల్లమెల్లగా మారతాయి. ఆ మార్పును కేన్సర్ కాక ముందే పట్టుకుని, ఆ భాగం వరకు తీసివేస్తే సరిపోతుంది. ఇంత వ్యవధి ఇచ్చే కేన్సర్లు తక్కువ. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2022కు వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 27 వేలమందికి ఇది కొత్తగా వచ్చింది, దాదాపు 80 వేలమంది చనిపోయారు.

కంటికి కనిపించని చోటికి జారుతుంది

పల్లెల్లో ఇప్పుడు ఎక్కువగా జరిగేది వీఐఏ అనే పరీక్ష. వినిగర్ వంటి పలచటి పులుపు ద్రావకాన్ని గర్భసంచి మూతికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. చెడిన చోటు తెల్లగా తేలుతుంది. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన కార్యకర్తలకు ఈ పని నేర్పి, లక్షన్నరమంది ఆడవారితో 12 ఏళ్లు నడిపిన పరిశీలనలో ఈ కేన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2014లో తేలింది.

అయితే ఈ పరీక్షకు ఒక లోటు ఉంది. పెద్ద వయసు ఆడవారు ఇది తప్పక తెలుసుకోవాలి. కేన్సర్ మొదలయ్యే చోటు వయసులో ఉన్నప్పుడు మూతి పైభాగానే ఉండి కంటికి కనిపిస్తుంది. ముట్లుడిగాక అది లోపలి సన్నని దారిలోకి జారిపోతుంది. ద్రావకం అద్ది చూసినా అసలు చోటు కనిపించదు. అందుకే ముట్లుడిగినవారికి ఈ పరీక్ష అంతగా నమ్మదగింది కాదని నిపుణులు అంటారు. మూతి దగ్గర పొర గీకి గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినితో చూసే పాప్ పరీక్ష కూడా ఈ వయసులో ఒక్కోసారి తికమక పెడుతుంది. ఎండిపోయి పలచబడిన కణాలు చెడిన కణాల్లా కనిపించే అవకాశం ఉంది. అలాంటప్పుడు కొన్ని వారాలు హార్మోను పూత మందు వాడమని, మళ్లీ రమ్మని డాక్టర్లు చెబుతారు. మళ్లీ రమ్మన్నారంటే జబ్బు ముదిరిందని బెంబేలు పడనక్కర్లేదు. వెళ్లకుండా మాత్రం ఊరుకోకూడదు.

వైరస్ ఉందా లేదా అని నేరుగా చూసే హెచ్‌పీవీ పరీక్షకు ఈ తంటా చాలావరకు లేదు. మెత్తటి బ్రష్‌తో నమూనా తీసి ప్రయోగశాలకు పంపితే చాలు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా, నేటి ధారాశివ్‌లో 30 నుంచి 59 ఏళ్ల వయసున్న సుమారు 1 లక్షా 31 వేలమంది పల్లె ఆడవారితో ఒక పెద్ద పరిశీలన జరిగింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి వైద్యం చేసిన ఊళ్లలో, ఎనిమిదేళ్లలో ఈ కేన్సర్ మరణాలు దాదాపు సగానికి పడిపోయాయని 2009లో ఫలితాలు వెలువడ్డాయి. వారంతా మన తోటల్లో, పొలాల్లో పనిచేసే ఆడవారి వంటివారే.

సిగ్గు మరో అడ్డంకి. బల్ల మీద పడుకుని డాక్టరుకు చూపించడానికి ఇష్టపడని పెద్దవాళ్లు ఎందరో. దీనికీ ఒక దారి ఉంది. హైదరాబాద్ పక్కన మేడ్చల్ ప్రాంతపు పల్లెల్లో ఆడవారి చేతికే బ్రష్ ఇచ్చి, తమ నమూనా తామే తీసుకునేలా చేసి, అది పరీక్షకు పనికి వస్తుందా అని పరిశోధకులు చూశారు. వివరాలు 2009లో ప్రచురించారు. తెలుగు పల్లె ఆడవారు చెబితే చేయగలరని దానితో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని ఇప్పుడు ఒప్పుకుంది. పల్లె కేంద్రాల దాకా ఇది ఎప్పటికి చేరుతుందన్నదే ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఈ కేన్సర్‌కు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నామన్న 30-49 ఏళ్ల ఆడవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు.

మన దేశంలో 30 నుంచి 65 ఏళ్ల ఆడవారందరికీ ఐదేళ్లకోసారి పరీక్ష చేయాలని ప్రభుత్వ నిబంధన. 2024 నవంబరులో రాష్ట్రంలో మొదలైన ఇంటింటి కేన్సర్ సర్వేలో నోరు, రొమ్ముతో పాటు గర్భసంచి మూతి కేన్సర్ కూడా ఉంది. నర్సమ్మ తలుపు తట్టినప్పుడు పొలం వెళ్లారని, తోటకు వెళ్లారని పంపేసిన ఇళ్లు ఆ ఐదేళ్ల లెక్కలో జారిపోతాయి. 50 దాటాక వరుసగా రెండుసార్లు పరీక్షలో ఏమీ లేదని తేలితే ఇక మానవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అసలు ఒక్కసారీ చేయించుకోని 50-65 ఏళ్లవారిని, వైద్యం చేసే ఏర్పాటు ఉన్న చోట, వదలకుండా చూడాలని కూడా అదే సంస్థ చెప్పింది. మన పల్లెల్లో పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే.

ఖమ్మం సంగతి

హెచ్‌పీవీ అనగానే ఈ ప్రాంతంలో కొందరికి టీకా గొడవ గుర్తుకు వస్తుంది. చాట్రాయి దాటితే ఖమ్మం జిల్లాయే. 2009లో ఆ జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 10-14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. తర్వాత కొందరు పిల్లలు చనిపోవడంతో అలజడి రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్ల చేత సంతకాలు చేయించడం వంటి తప్పులు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. పేదవారి పిల్లల విషయంలో అడగకుండా పని కానివ్వవచ్చనుకోవడం వల్ల ఒక మంచి మందుకే మచ్చ వచ్చింది.

ఆ టీకా వేరు, ఈ పరీక్ష వేరు. టీకా వైరస్ సోకక ముందు వేయాల్సింది, 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు సరైన సమయం. పుణెలోని సీరం సంస్థ తయారు చేసిన మన దేశపు టీకా సెర్వావాక్ 2023 జనవరిలో విడుదలైంది. అప్పటికే లోపల ఉన్న వైరస్‌ను ఏ టీకా పోగొట్టదు. అందువల్ల మనవరాలికి టీకా, నాయనమ్మకు పరీక్ష.

గర్భసంచి తీయించుకున్నవారి మాట

డాక్టరు దగ్గరికి తోడు వెళ్లిన తోటికోడలు వయసు 56. అక్కడ ఆమె తన సందేహం కూడా అడిగింది. "నాకు పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే గర్భసంచి తీశారమ్మా. నాకిక ఈ బాధ లేనట్టేనా?" అంది.

ఈ ప్రశ్న ఈ జిల్లాలో వేలమంది అడగవలసింది. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవారిలో నూటికి దాదాపు తొమ్మిదిమందికి అప్పటికే గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య నూటికి మూడు. తెల్లబట్ట అవుతోందని వెళ్లినా, నడుము నొప్పి అని వెళ్లినా, "ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది, తీయించేసుకో" అన్న మాట విని అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్నవారు పల్లె పల్లెనా కనిపిస్తారు. తోట అమ్మినవారూ ఉన్నారు. తెల్లబట్ట ఎక్కువసార్లు మందులతో తగ్గేది. దానికి కేన్సర్ భయం చూపి ముప్పయ్యేళ్ల మనిషికి సంచి తీసేయడం వైద్యం అనిపించుకోదు.

సంచి తీయించుకున్నవారందరికీ ఒకే జవాబు లేదు. సంచిని మూతితో సహా పూర్తిగా తీసి, ఆ తీసినది కేన్సర్ వల్ల గాని, కేన్సర్ ముందు దశ వల్ల గాని కాకపోతే, ఈ పరీక్ష ఇక అక్కర్లేదు. పై సంచి మాత్రం తీసి మూతి ఉంచేసి ఉంటే, మూతి ఉన్న మిగతా ఆడవారిలాగే వారూ పరీక్ష చేయించుకోవాలి. ముందు దశ ఉందని తీసి ఉంటే, మూతి లేకపోయినా పై కుట్టు దగ్గర మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. తమకు ఏది తీశారో తెలియనివారు ఒక్కసారి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుంటే మూతి ఉన్నదీ లేనిదీ డాక్టరు చూసి చెప్పగలరు.

ఈ మూడింటిలో తనది ఏదో తోటికోడలికి తెలియదు. ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు.

కేన్సర్ అంటే మద్రాసో, బొంబాయో పోవాలన్న రోజులు ఈ జిల్లా వారికి ఇంకా గుర్తే. ఉమ్మడి కృష్ణా జిల్లా కొమరవోలు ఆడపడుచు, ఎన్.టి.రామారావు భార్య బసవతారకం 1985లో కేన్సర్‌తో కన్నుమూశారు. అంతటి ఇంటికే అప్పుడు దగ్గరలో తగిన ఆసుపత్రి లేదు. ఆమె పేరున హైదరాబాదులో కట్టిన కేన్సర్ ఆసుపత్రి 2000 జూన్‌లో మొదలైంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇప్పుడు కేన్సర్ విభాగం ఉంది. ఆపరేషన్, కరెంటు వైద్యం, మందులు మూడూ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద పేదలకు ఉచితం. నూజివీడు 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో కలిసినా, ఇక్కడి రోగులు అలవాటు కొద్దీ విజయవాడ బస్సే ఎక్కుతున్నారు. కార్డు ఉంటే ఎక్కడైనా చెల్లుతుంది.

విజయవాడలో ఆమెకు భూతద్దం వంటి పరికరంతో లోపల చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. స్కానింగు తీసి, గర్భసంచి లోపలి పొర నుంచి కూడా నమూనా తీసుకున్నారు. ఎరుపు కనిపించింది పొర పలచబడినందువల్లనేనని, గర్భసంచిలో దోషం లేదని తేలింది. మూతి దగ్గర మాత్రం కణాలు మారాయి. కేన్సర్ కాదు, దాని ముందు దశ. మత్తు సూది వేసి, కరెంటుతో వేడెక్కే సన్నని తీగతో ఆ భాగం వరకు తీసివేశారు. సాయంత్రానికి ఇంటికి పంపారు. నెల రోజులు బరువులు మోయవద్దన్నారు. ఆ ఎరుపు కనిపించకపోయి ఉంటే, ఆశా కార్యకర్త మాట వినకపోయి ఉంటే, ఈ రెండో సంగతి ఇంకో ఐదేళ్లకో పదేళ్లకో బయటపడేది.

కొడుకును కూడా ఆ రోజు డాక్టరు లోపలికి పిలిచి మాట్లాడారు. ఏం మాట్లాడారో అతను చెప్పలేదు. ఇంటికి వచ్చాక కంచం మళ్లీ మిగతా కంచాల్లో కలిసింది. కోడలి చేత కూడా పరీక్షకు పేరు రాయించారు. ఆమె వయసు 34.

ఏడాది తర్వాత మళ్లీ హెచ్‌పీవీ పరీక్షకు రమ్మని చీటీ ఇచ్చారు. తేదీ చూస్తే సరిగ్గా కోతల మధ్యలో పడింది. "నాలుగు రోజులు వెనక్కి జరపరాదూ, కూలి పోతుంది" అని ఆమె అడుగుతోంది. "ముందుకు జరుపుతాను గాని వెనక్కి జరపను పెద్దమ్మా" అంటోంది ఆశా కార్యకర్త. చీటీని ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో దాచారు.

తోటికోడలు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగు దాకా వెతికారు. ఆ ఆపరేషన్‌కు చేసిన అప్పు కాగితం దొరికింది, తీరినట్టు సంతకంతో సహా. ఆసుపత్రి కాగితం దొరకలేదు. చేసిన ప్రైవేటు ఆసుపత్రి మూతపడి చాలా ఏళ్లయింది, ఆ మేడలో ఇప్పుడు ఎరువుల కొట్టు నడుస్తోంది. వచ్చే సోమవారం ఆమె నూజివీడు ఆసుపత్రికి వెళ్లి, తనకు ఏది తీశారో ఏది ఉంచారో చూపించుకోబోతోంది.